మూడో అంతస్తు ఆర్డరు

ఫోను మోగింది. తెర మీద మళ్ళీ అదే చిరునామా.

డెలివరీ మనిషి హెల్మెట్ చంకలో ఇరికించుకుని బర్గర్ల దుకాణంలోకి నడిచాడు.

"వచ్చావా అన్నా! మూడో అంతస్తు మహారాణిగారి ఆర్డరే," అంది కౌంటరులోని అమ్మాయి, సంచీని ముందుకు తోస్తూ. "ఇందాక వేరే అబ్బాయికి పడితే రద్దు చేసేసింది. నీకు పడేదాకా పెడుతూనే ఉంది. నీ చేతిలో అమృతమేమైనా ఉందా ఏంటి?"

"వేడిగా చేరుస్తాననేమో," అన్నాడు. నవ్వు మాత్రం రాలేదు.

సంచీ బరువుగా ఉంది. బర్గరు, ఫ్రైస్, పెద్ద గ్లాసు కూల్‌డ్రింకు.

"ఆ చీజైనా కాస్త తగ్గించకూడదా అమ్మా? చిన్నపిల్ల."

"బాగుంది! అడిగింది వెయ్యకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. తినేవాళ్ళకి లేని బెంగ మోసేవాడికెందుకు?"

"మెట్లెక్కితే రొప్పుతోంది. మెడ చుట్టూ నల్లటి చార. ఇలాగే తింటే ఈ వయసులోనే షుగరు తప్పదని డాక్టరు చెప్పాడట."

"తెలిసీ ఎలా తిననిస్తున్నారు? కన్నవాళ్ళకి కళ్ళు లేవా?"

అతను సంచీని పెట్టెలో సర్ది బండి తీశాడు.

సిగ్నల్ దగ్గర ఎర్రదీపం. పక్క కారులో ఒకాయన స్టీరింగు మీద మోచేతులు ఆన్చి బర్గరు కొరుకుతున్నాడు. బస్టాపులో ఒకావిడ చెవికి ఫోను ఆన్చుకునే ఫ్రైస్ నములుతోంది. వండేందుకు తీరిక లేనివాళ్ళు, కూర్చుని తినేందుకు తీరిక లేనివాళ్ళు. వాళ్ళందరి తొందరనూ వీపున కట్టుకుని, చీకటితో బయలుదేరి ఊరు మాటుమణిగేదాకా తిరిగే తనలాంటివాళ్ళు. ఎవరు ఎవరిని తరుముతున్నారో తెలియదు. పరుగు మాత్రం ఆగదు.

ఆకలి వేరు, వెలితి వేరు. రెండూ ఒకే గొంతుతో పిలుస్తాయి కాబోలు. ఆ పిల్లది ఏ పిలుపో అతనికి అంతుపట్టలేదు.

మొన్న కూల్‌డ్రింకు మెట్ల పక్కన పారబోసి, దారిలో ఒలికిపోయిందని బొంకాడు. దానివల్ల ఒరిగిందేమీ లేదు. మర్నాడు ఇంకా పెద్ద గ్లాసు ఆర్డరు వచ్చింది. నిన్న గట్టిగా చెబుదామని నోరు తెరిచేలోగా జేబులో ఫోను మోగింది. ఆ పిల్ల అతనికి ఎదురుపడేది ఆ గుమ్మంలోనే. సంచీ చేతులు మారేంతసేపే.

ఇవాళ చెప్పి తీరాలి.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. గంట నొక్కకముందే తలుపు తెరుచుకుంది. పిల్ల ముఖం చాటంత అయింది. అంత చిన్న పరుగుకే ఊపిరి అందడం లేదు. రెండు చేతులూ చాచింది.

అతను సంచీ ఇవ్వలేదు.

"ఇంట్లో వంట చెయ్యలేదా?"

"చేశారు."

"తిన్నావా?"

"ఊఁ."

"ఇంకా ఆకలేస్తోందా?"

"లేదు."

"మరెందుకమ్మా ఈ చెత్త? ఒంట్లో ఎలా ఉందో నీకు తెలియడం లేదా?"

పిల్ల తల వంచుకుంది. జేబులో ఫోను మోగింది. ఇంకెక్కడో ఇంకెవరికో తొందర. అతను ఒక మెట్టు దిగి, మళ్ళీ ఎక్కాడు.

"ఇదే ఆఖరు. ఇంకోసారి ఆర్డరు పెట్టావంటే ఊరుకోను, చెబుతున్నా."

ఫోను మోగుతూనే ఉంది. పిల్ల సంచీ వైపైనా చూడలేదు. చెమటకు తడిసిన అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఆర్డరు పెట్టకపోతే మరి నువ్వు ఇంటికెలా వస్తావు, నాన్నా?"