నైరుతిలో బరువు

"పడవ ఆపించండి! పొయ్యి ఈశాన్యంలోకి వచ్చేసింది!"

నడిగోదావరిలో సిద్ధాంతిగారు అలా అరిచేసరికి అమ్మిరాజు చేతిలో చెంబు జారిపోయింది.

"అదేంటండీ, ఆగ్నేయంలోనే కదా పెట్టించేం?"

"ఒడ్డున ఉన్నప్పుడు పడవ ముక్కు తూర్పుకుందండీ. ఇప్పుడు ఉత్తరానికి తిరిగింది. ఈశాన్యంలో నిప్పు, అరిష్టం!"

ఆ పాత తెరచాప పడవ లోపలంతా అమ్మిరాజు సిద్ధాంతిగారు చెప్పినట్టే విప్పించి మళ్ళీ కట్టించేడు. కుడిపక్క ముందు స్టవ్వు గట్టు, వెనక సామాను పెట్టె. చుక్కాని పట్టే వెంకటస్వామి పీట మధ్యలోంచి ఎడమకి జరిగింది. కూర్చుంటే చుక్కాని కర్ర అందదు. అందితే దారి కనపడదు. ఇవాళే మొదటి ప్రయాణం.

"తూర్పుకి తిప్పు, వెంకటస్వామీ!" అన్నాడు అమ్మిరాజు.

"తూర్పునేముందండీ? మనం వెళ్ళే రేవు ఉత్తరాన కదండీ."

"చెప్పింది చెయ్యి."

"ఆయ్."

దక్షిణపు గాలికి తెరచాప నిండింది. ఎదురుగా ఉన్న రేవు మెల్లగా పక్కకి, ఆ తరవాత వెనక్కి పోతోంది. పక్కనే కూర్చున్న అమ్మిరాజు భార్య కాంతం సెల్‌ఫోను మోగింది.

"అక్కా, ఎక్కడున్నావే? ఉయ్యాల కట్టేసేం. పిల్లాణ్ణి వెయ్యాల్సింది పెద్దమ్మవి నువ్వే. ముహూర్తం దాటిపోతంది!"

"మీ బావగారిని అడగవే. ఇలాగే పోతే యానాంలో తేల్తాం," అని ఫోను కట్టేసింది కాంతం. "ఏవండీ సిద్ధాంతిగారూ, ఆ ముహూర్తం పెట్టింది కూడా మీరే కదండీ?"

"ముహూర్తం ముహూర్తమేనమ్మా, వాస్తు వాస్తే."

కాంతం కొంగు దోపుకుంది. గట్టు మీది స్టవ్వెత్తి పడవ వెనక కుడిమూల పెట్టె మీద పెట్టింది.

"వెంకటస్వామీ, ఉత్తరానికి తిప్పు. ఇప్పుడిది ఆగ్నేయం అవుద్ది. అవునా కాదా సిద్ధాంతిగారూ?"

"అవుద్ది. కానీ నైరుతిలో బరువుండాలమ్మా. సామాను పెట్టె మేకులేసి బిగించేసేం. అది జరగదు."

కాంతం ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. సిద్ధాంతిగారు భారీ మనిషి.

"మీరున్నారు కదండీ."

"నేనా?"

"అదృష్టం కొద్దీ ఉన్నారండీ," అంటూ అమ్మిరాజు చేతులు జోడించేడు. ఆయన్ని చెయ్యి పట్టుకుని లేపి, ఎడమపక్క వెనకమూల కూర్చోబెట్టేడు.

పడవ ఉత్తరానికి తిరిగింది. నాలుగు బారలు వెళ్ళిందో లేదో వెంకటస్వామి కేకేసేడు.

"ఇసుక మేటండీ! పడమరకి తిప్పుతున్నాను!"

"నైరుతి ముందుకెళ్ళిపోయింది, లేవండి, లేవండి!" అన్నాడు అమ్మిరాజు.

సిద్ధాంతిగారు వెంకటస్వామి పీట దాటుకుంటూ ముందుకొచ్చి కూలబడ్డారు. కాంతం స్టవ్వు మార్చింది.

"మళ్ళీ మేటండీ! ఉత్తరానికి!"

ఆయన వెనక్కి వచ్చేరు. వస్తూ తెరచాప వాసానికి తల కొట్టుకున్నారు. గోదాట్లో అన్ని మేటలున్నాయని ఆ రోజుదాకా ఎవరికీ తెలీదు. వెంకటస్వామి మాత్రం ఒక్కదాన్నీ వదల్లేదు.

రేవు తగిలీ తగలకముందే కాంతం గట్టు మీదికి దూకి పరిగెత్తింది. ముహూర్తం దాటకుండానే పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసింది.

భోజనాలయ్యేక సిద్ధాంతిగారు మెల్లగా జనాన్ని ఏరు దాటించే పంటు కేసి నడుస్తుంటే అమ్మిరాజు అడ్డం వచ్చేడు.

"ఎక్కడికండీ? మీరు లేకపోతే తిరుగు ప్రయాణంలో నైరుతి ఎవరు చూస్తారు?"

సిద్ధాంతిగారు నుదుటి మీది బొప్పి తడుముకున్నారు. పంటు కేసి చూసేరు. పడవ కేసి చూసేరు.

"అమ్మిరాజుగారూ, నిజం చెప్పేస్తున్నాను. వాస్తు నేలకేనండీ. నీళ్ళ మీద వాస్తు లేదు. వదిలెయ్యండి నన్ను."

కాంతం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంకటస్వామి మొహం వెలిగిపోయింది.

"అయితే నా పీట మళ్ళీ మధ్యలో వేసేసుకుంటానండీ!"

"ఆగరా. పీటలో తప్పులేదు," అన్నాడు అమ్మిరాజు. పడవ కేసి చాలాసేపు చూసి, నిట్టూర్చేడు.

"అసలు దీన్ని నీళ్ళలోకి దింపడమే మనం చేసిన తప్పు."