దొరల బెంచీ

“లెగండి బాబూ. ఇది దొరల బెంచీ,” అన్నాడు తోట కాపలా లింగరాజు.

“తెలుసు. అందుకే కూర్చున్నాను,” అన్నాడు కూర్మనాథం. మాట అనుకున్నంత గంభీరంగా రాలేదు.

రంగంలో, అంటే రంగూన్ రేవులో, ఓడ దిగి ఎనిమిదేళ్లయింది. కిందటి ఆదివారం మొదటిసారి ఈ బెంచీ మీద కూర్చున్నాడు. దూరంగా ఒక టోపీ కనబడగానే, ఎవరూ పొమ్మనకముందే లేచిపోయాడు. తీరా చూస్తే ఆ టోపీ కింద ఉన్నది దొర కాదు, దొర వంటవాడు. ఆ వారమంతా అహ్లోన్ బియ్యం మిల్లులో గుమాస్తాగిరీ చేస్తూ తనను తాను తిట్టుకున్నాడు. ఇంట్లో పీట మీద కూర్చుని సాధన చేశాడు. భార్య భాగ్యవతి అట్లకాడ పట్టుకుని దొర వేషం కట్టింది.

“కొట్టినా చెయ్యెత్తను. సత్యాగ్రహమంటే అదే,” అన్నాడామెతో.

“మీరెప్పుడెత్తారు గనక?” అందామె. ఈ ఆదివారం మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

“అదిగో, దొర వస్తన్నాడు! నా ఉజ్జోగం పోద్ది. నాకోసం లెగండి బాబూ,” లింగరాజు బతిమాలాడు.

“నీకోసమే కూర్చున్నాను.”

“కూకోమని నానెప్పుడడిగాను?”

దొర వచ్చి ‘దొరలకు మాత్రమే’ అని బెంచీకి కొట్టిన బోర్డు చూపించాడు. చేతికర్రతో పొడిచాడు. తర్వాత భుజం మీద ఒకటి గట్టిగా వేశాడు. కూర్మనాథం కళ్లలో నీళ్లు తిరిగాయి. మోకాళ్లు లేవడానికి సిద్ధమైపోయాయి. రెండు చేతులతో వాటిని అదిమిపట్టాడు. చూసేవాళ్లకు అది ధైర్యంలాగే కనిపించి ఉండాలి.

“మనుషులంతా ఒకటే,” అన్నాడు ఇంగ్లీషులో. వ్యాకరణం తప్పిందేమోనని అంత నొప్పిలోనూ అనుమానం వచ్చింది.

ఇంతలో రేవు వైపు వెళుతున్న కూలీ ఒకడు నెత్తిమీది బస్తా దించి, వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు.

“నన్నూ కొట్టు దొరా. ఈ బాబొక్కడే ఎందుకు తినాల?”

జనం మూగారు. దొర ఇద్దరినీ చూశాడు, జనాన్ని చూశాడు, గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

కూర్మనాథం ఛాతీ పొంగింది. చీకటిపడేదాకా ఇక కదిలేది లేదు. ఆప్యాయంగా కూలీ వైపు తిరిగాడు.

“నీ పేరేటి, తమ్ముడూ?”

“యర్రయ్య, బాబూ. మాది బారువ దగ్గిర.”

“అరే, మా వైపే! మీరేవిట్లు, ఏ కులం?”

“మాలోలం, బాబూ.”

కూర్మనాథం లేచి నిలబడ్డాడు.