జారిపోయే బొమ్మ

ఆ సాయంత్రం దర్జీ కూతురు ఎనిమిది వందల మీటర్ల ఫైనల్లో పరుగెత్తబోతోంది.

దర్జీకి కాలు ఒకచోట నిలవడం లేదు. బట్టలు కత్తిరించే బల్ల మీదికి కొత్త టీవీ ఎక్కింది. ఓడలో పనిచేసే బావమరిది దాన్ని పరాయి దేశం నుంచి మోసుకొచ్చాడు. ప్లగ్గు గోడలో దూరదని, మన కరెంటు దానికి ఎక్కువని ఓ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తగిలించి వెళ్లాడు. వీధి వీధంతా గదిలోనే ఉంది.

బొమ్మ మాత్రం కిందినుంచి పైకి జారిపోతూనే ఉంది. రంగు లేదు, మాట లేదు.

తప్పు యాంటెనాదేనని దర్జీ తేల్చేసి, మెకానిక్‌కి కబురు పెట్టాడు.

అంతలో సంచీతో ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు.

“హమ్మయ్య, వచ్చారా. త్వరగా మేడెక్కి యాంటెనా తిప్పండి.”

“నేను అందుకు రాలేదండీ, నేను...”

“పరిచయాలు తర్వాత. నా బిడ్డ పరుగు నేను చూడాలి.”

ఆయన గడియారం వంక చూశాడు. సంచీతోనే మెట్లెక్కాడు.

యాంటెనా అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఇంకొంచెం, ఇంకొంచెం అని కింద ఒకటే కేకలు.

కాసేపటికి అసలు మెకానిక్ ఊడిపడ్డాడు. టీవీ వెనక చూసి నవ్వాడు. మొదట్లో ఒక్కో దేశం కరెంటుకు ఒక్కో లెక్క పెట్టుకుందట. మన దగ్గర కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుందట, మరోచోట అరవై. టీవీలవాళ్లూ ఎవరి లెక్క వాళ్లు పట్టుకున్నారట, ఎవరి పంతం వాళ్లది. ఇది అరవై లెక్కలో పుట్టిన టీవీ. నాబ్ తిప్పి బొమ్మను నిలబెట్టగలడు గానీ రంగూ మాటా తన వల్ల కాదన్నాడు.

“మరి యాంటెనా?”

“దానికేం, బంగారంలా ఉంది.”

“అయితే పైన ఉన్నదెవరు?” అంది దర్జీ భార్య.

అప్పుడే బొమ్మ నిలబడింది, పరుగు మొదలైంది. ఆమె ప్రశ్న ఎవరి చెవికీ ఎక్కలేదు. మాటల కోసం ఎవరో రేడియో పెట్టారు.

ఆఖరి మలుపు దాకా పిల్ల వెనకే ఉంది. అక్కణ్నుంచి ఒక్కొక్కరినే దాటింది. గీత దాకా వచ్చేసరికి ముందు ఎవరూ లేరు.

గది దద్దరిల్లింది. దర్జీ ఏడుస్తూ, నవ్వుతూ మెకానిక్‌ని వాటేసుకున్నాడు.

“బొమ్మ వచ్చిందా అండీ? అమ్మాయి గెలిచిందా?” మేడ మీంచి కేక వినబడింది. బదులిచ్చే తీరిక ఎవరికుంది?

రేడియోలో కూతురి గొంతు రాగానే దర్జీ దాని సౌండు పెంచాడు.

“ఇది మా మాస్టారి గెలుపు. మా నాన్న పక్కన కూర్చుని నా పరుగు చూడాలని, ఆయన ఇవాళ మా ఇంటికే వెళ్లారు.”