ఇంజన్ మోత

తార్నాక బంకులో పార్థసారథి కారు ఇంజన్ గుర్రుమంటూనే ఉంది.

"బండి బంద్ చెయ్! ఇంజన్ నడుస్తుంటే పెట్రోల్ పోస్తరా?" పంపు దగ్గరి మనిషి అరిచాడు.

"బ్యాటరీ పోయింది. ఆపితే మళ్లీ స్టార్టవ్వదండీ."

ఇంజన్ మోతను మించేలా అతను అరిచిన ఆ 'అండీ' వినగానే, వెనక వరుసలో తెలంగాణ జెండాలు కట్టిన బైకుల మీది యూనివర్సిటీ విద్యార్థులు తలలెత్తారు.

"నంబరు ప్లేటు మీద ఏపీ కొట్టేసి టీజీ రాసుకున్నవ్, నోట్లె ఆంధ్రానా?" పంపు మనిషి ఇంకా రెచ్చిపోయాడు. వెనక ఈలలు లేచాయి.

పార్థసారథి ఇంజన్ ఆపేద్దామని తాళం తిప్పబోయాడు.

పంపు మనిషి కిటికీలోకి వంగి ఆ చేతిని పట్టేసుకుని, గొంతు తగ్గించాడు.

"ఆపకండి బాబూ. మాది తణుకండీ. ఈ మోతలో మన మాట వాళ్లకి వినపడదు."

పెట్రోలు పోశాక డిక్కీ మీద ఫట్‌మని చరిచాడు.

"చల్, పో! గీడ ఆంధ్రా వేషాలు నడువయ్!"