పోపు గుడ్డ

పోపులో ఎండుమిరపకాయ పడితే చాలు, పొగనీ గ్యాసునీ పసిగట్టే వంటింటి గోడ మీది యంత్రపు ముక్కు గోలపెట్టేది. వెంటనే ఫైరింజన్ గుమ్మంలోకొచ్చేది. అందుకే వీధిలో అందరిలాగే రత్నమాంబ కూడా పోపు పెట్టేముందు, లైటు మాత్రం కనబడేలా వదిలేసి, ఆ ముక్కుకు గుడ్డ కట్టేది.

ఆ పొద్దున స్టవ్ దగ్గరికెళ్లేసరికి గ్యాసు వాసన గుప్పుమంది. గోడ మీద మాత్రం పచ్చలైటే.

"ఏమండీ, వాసన రావట్లేదూ?"

భర్త పట్టాభి గాలి పీల్చలేదు, లైటు చూశాడు. "పచ్చగానే ఉందిగా! నీకు జలుబేమో."

జలుబైతే వాసనెలా తెలుస్తుంది? తన ముక్కును నమ్మాలో, గోడ ముక్కును నమ్మాలో ఆమెకు పాలుపోలేదు.

"ఇలా తే, నేను వెలిగిస్తా," అంటూ ఆయన ఆమె చేతిలోని లైటర్ అందుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు ఆనింది కంటికి, నిన్న విప్పడం మరిచిన గుడ్డ.

సిలిండర్ కట్టేసి, గుడ్డ లాగేసింది. ఎర్రలైటు వెలిగి, గోడ ముక్కు గొల్లుమంది.

"అబ్బ, ఏం వాసనే!" అన్నాడాయన, ముక్కు మూసుకుంటూ.