గంటకో అలారం

సెల్‌ఫోన్‌లో అలారం మోగింది. పేపరు మడిచిపెట్టి, మంచం పక్కన కూర్చుని నా భార్య ఛాయ చెయ్యి పట్టుకున్నాను. ఆమెకింక రెండు నెలలేనని డాక్టరు చెప్పాక, ఉన్న ప్రతి క్షణాన్నీ నిండుగా అనుభవించాలని గంటకోసారి మోగేలా పెట్టుకున్నాను.

"ఇప్పుడు హాయిగా ఉంది కదూ?"

"మీరు అడిగేదాకా బాగానే ఉందండి. అది మోగినప్పుడల్లా నేను పోతున్నానని గుర్తొస్తోంది."

అలారం తీసేశాను. చెయ్యి మాత్రం వదల్లేకపోయాను.

ఇంతలో చేపల అంకాలమ్మ గుమ్మంలో తట్ట దించింది. ఛాయ చెయ్యి విడిపించుకుని, గోడ పట్టుకుంటూ హాల్లోకి వెళ్లింది.

"మొప్పలు చూడవే, ఎలా పాలిపోయాయో. నిన్నటి చేప తెచ్చి, కొల్లేట్లోంచి ఇప్పుడే వచ్చిందంటావా?"

"తినే ఓపిక లేదు గానీ, వంకలు పెట్టే ఓపికుందమ్మా నీకు."

"నోరు మూసుకుని ఇంకోటి తియ్యి."

ఇద్దరూ పకపకా నవ్వారు. డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఛాయ అలా నవ్వలేదు. ఒక్కసారి కళ్లారా చూసుకుందామని హాల్లోకి వెళ్లాను.

నన్ను చూడగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇంక వెళ్లు అంకాలమ్మా," అంది. "ఈయన నాతో సంతోషంగా గడపాలంట."