ఎవరి సాయమూ అక్కర్లేని సూది

“గుచ్చేదాన్ని నేను. ఆయన్నేం అడుగుతావు, నన్నడుగు,” అంది ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

నర్సు నవ్వి సూదుల పెట్టె తెరిచింది. చక్కెర జబ్బు డాక్టరు గది పక్కనే ఉన్న ఇరుకు గది అది. ఇన్సులిన్ ఎవరు ఎలా వేసుకోవాలో అక్కడ నేర్పుతారు. ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు కట్టెకోత మిల్లులో ఎప్పుడో పోయాయి. ఆ చేత్తో సిరంజి పట్టడం కుదరదు. ఇంజెక్షన్ వేసేవాళ్లను కూడా వెంటబెట్టుకు రమ్మని డాక్టరు చెప్పాడు. ఆమె ముందే వచ్చి కూర్చుంది. ఆయన మిల్లు నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా భుజాల మీద రంపపు పొట్టుతోనే.

“సరే పిన్నిగారూ, ఎలా వేస్తున్నారు?”

“పొద్దున్నే ఆయన వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటారు. సీసా అరచేతుల మధ్య దొర్లిస్తాను. మందు లాగి, బుడగలు పోయేదాకా గోటితో కొడతాను. నిన్న కుడివైపు వేస్తే ఇవాళ ఎడమవైపు. అయ్యేసరికి పావుగంట.”

“పావుగంటా! రెండు నిమిషాల పని కదా?”

“నాకు తొందరపాటు గిట్టదు,” అంది ఆమె.

ఆయన గోడ మీద బొమ్మ చూస్తున్నాడు.

“ఒకవేళ మీకు ఒంట్లో బాగోకపోతే వేయడానికి ఇంకెవరైనా ఉన్నారా?”

ఆమె ఆయన వైపు చూసింది. ఆయనే గొంతు సవరించుకున్నాడు. “లేరమ్మా. సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి.”

“ఇన్నేళ్లయినా ఇంకా భయమేనా బాబాయిగారూ?” అని నర్సు పకపకా నవ్వింది. వాళ్లిద్దరూ నవ్వలేదు.

నర్సు మొదట పంపు చూపించింది. నడుముకు తగిలించుకుంటే సన్నటి గొట్టంలోంచి మందు దానంతటదే వెళ్తుంది.

“దుంగలెత్తే మనిషికి నడుముకి గొట్టాలేమిటి? లాగేస్తే ఊడిపోదూ?” అంది ఆమె.

ఆయన కూడా వద్దన్నాడు. ఆమె ముఖం కాస్త తేటపడింది.

తర్వాత ఇన్సులిన్ పెన్ను. “వెనకాల మీట తిప్పితే టిక్కుటిక్కుమంటుంది. డాక్టరు చెప్పిన అంకె రాగానే ఆపి, గుచ్చి, నొక్కి, పది లెక్కపెట్టి తీసేయడమే. ఎడమచేత్తో కూడా వేసుకోవచ్చు.”

“మా పక్కింటాయనది ఇలాంటిదే, మధ్యలో బిగుసుకుపోయింది,” అంది ఆమె.

“సూది మార్చకుండా వాడుంటారు.”

“సూది చిన్నది. లోపలికి దిగిందో లేదో తెలిసి చస్తుందా?”

“దిగుతుంది పిన్నీ.”

“మందు ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టాలో కూడా తెలియదు ఈయనకి!”

“నేర్చుకుంటాలే,” అన్నాడు ఆయన, మొదటిసారి ఆమె వైపు తిరిగి. ఆ మాట మెల్లగానే అన్నాడు. ఆమె మాత్రం చెంపదెబ్బ తిన్నట్టు ఆగిపోయింది.

గుచ్చి చూడమని నర్సు రబ్బరు దిండు ఆయన ముందు పెట్టింది. ఆయన కుడిచేతిలో మిగిలిన మూడు వేళ్లతో పెన్ను అదిమిపట్టి, ఎడమచేత్తో సూది బిగించాడు. మొదటిసారి జారింది.

“చూశావా!” అంది ఆమె, ఆత్రంగా.

రెండోసారి బిగిసింది. ఆయన మీట తిప్పాడు, గుచ్చాడు, పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టాడు. నర్సు చప్పట్లు కొట్టింది. పరీక్ష గట్టెక్కిన పిల్లాడిలా ఆయన ముఖం విప్పారింది. ఆ ముఖాన్ని ఆమె కాసేపు అలాగే చూసి, ఒళ్లోని సంచీ పట్టీ వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

“పెన్నుల్లోనూ రెండు రకాలున్నాయి,” అంది నర్సు. “ఇది ఎప్పటికీ ఉంటుంది, లోపలి మందు గొట్టం అయిపోయినప్పుడల్లా మార్చాలి. ఇంకోది మందు అయిపోతే పారేసేదే.”

ఆమె చటుక్కున తలెత్తింది. “ఆ గొట్టం మార్చడం కష్టమా?”

“బాబాయిగారి చేతికి కొంచెం కష్టమే.”

“అయితే అదే ఇవ్వు. నేను మారుస్తాను. వారానికోసారేగా? రోజూ ఆయనే వేసుకుంటారు, నేను ఆ ఒక్క పనీ చూస్తాను.” ఆమె గొంతులో బతిమాలాట ఉంది. “ప్రతిసారీ పెన్నే పారేయడం దుబారా కదూ?”

“పిన్నిగారికి చేతిలో పని పోతుందని బెంగ,” అని నర్సు ఆటపట్టించింది. “ఏం బాబాయిగారూ, ఏదిమ్మంటారు?”

ఆయన రెండు పెన్నుల వంకా చూశాడు. ఆమె వంక చూడలేదు.

“పారేసేదే ఇవ్వమ్మా. ఎవరి సాయమూ అక్కర్లేనిది.”

“అదృష్టవంతులు పిన్నీ! పెళ్లానికి శ్రమ తప్పించాలనుకునే మగవాళ్లు ఎంతమంది?” అంటూ నర్సు పెట్టె కట్టి ఇచ్చింది.

ఆమె చెయ్యి చాచింది. పెట్టె ఆయన అందుకున్నాడు.

గేటు బయట ఎండ మండిపోతోంది. ఆయన పెట్టెను చంకలో పెట్టుకుని, ఏదో అనాలనుకుని, చివరికి, “ఇక నువ్వు పెందలాడే లేవక్కర్లేదు. హాయిగా పడుకో,” అన్నాడు.

“ఎడమవైపు ఇవాళ వేశాను,” అంది ఆమె. “రేపు కుడివైపు వేసుకోండి. మరిచిపోకండి.”

“అలాగే.”

ఆయన రోడ్డు దాటి బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి, తర్వాత రెండో వైపుకు నడిచింది.

ఇంకొకావిడతో కాపురం పెట్టాక, ఆయన ఈమె గడప తొక్కింది ఆ సూది కోసమే.